కాగితం గంప ఎలా చేసేవాళ్ళో ఎవరికైనా గుర్తుందా?

మల్లెపందిరి (గుంటూరు)
ఏప్రిల్ 26, రాత్రి 9:50

మొన్న అమ్మావాళ్ళింట్లో అటక దులుపుతుంటే ఒక గంప దొరికింది. చూస్తే మట్టిదిలా ఉంది, ఎత్తితే బరువే లేదు. అంచు దగ్గర పెచ్చు ఊడిన చోట నలిగీ నలగని కాగితం ముక్క, దాని మీద "నిమా" అని రెండక్షరాలు. "సినిమా"లో సి ఎటు పోయిందో! అమ్మ పెళ్ళయిన కొత్తలో చేసిందట. నలభై ఏళ్ళ పైమాటే. ఎండుమిరపకాయలు పోసుకునేదట అందులో.

ఎలా చేశావమ్మా అంటే "కాగితాలు నానేసి, మెంతులేసి రుబ్బి, తిరగేసిన బిందె మీద తట్టడమేనే, అదో విద్యా!" అంటుంది. ఎన్ని కాగితాలు, ఎన్ని మెంతులు అని అడిగితే "చేతికి తెలుస్తుంది" అంటుంది. నా చేతికి ఏం తెలుసని?

మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఆరు. సెలవులిచ్చి మూడు రోజులు కాలేదు, ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఆరొందలు పెట్టి ఒక క్రాఫ్ట్ కిట్ కొన్నాను. నంబరు చూసి స్టిక్కరు అతికించడమే పని, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మళ్ళీ ఫోన్. అందుకే ఈ గంప మీద పడ్డాను. కొలతలు తెలిసినవాళ్ళు చెప్పండి.

రుబ్బురోలు (భీమవరం)
ఏప్రిల్ 27, ఉదయం 5:35

అమ్మాయ్, మీ అమ్మ చెప్పింది నిజమే, చేతికే తెలుస్తుంది. అయినా నాకు గుర్తున్నంత రాస్తాను.

కిలో కాగితాలకి ఓ పిడికెడు పైన మెంతులు, అంటే నీ లెక్కలో నూరు గ్రాములు అనుకో. కాగితాలు చిన్న ముక్కలుగా చింపాలి, కత్తిరించకూడదు. చింపితే అంచు పీచుగా ఉంటుంది, త్వరగా నానుతుంది. పాత నోటు పుస్తకాలూ పనికొస్తాయి. మెరిసే కాగితం, క్యాలెండర్ కాగితం వద్దు, అవి నానవు. నాలుగు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్ళు మార్చాలి. మార్చకపోతే ఆ వాసనకి ఇంటాయన నిన్నే బయట పెడతాడు. మెంతులు ముందు రోజు రాత్రి విడిగా నానబెట్టి, అవే ముందు మెత్తగా రుబ్బాలి. జిగురంతా వాటిదే. తర్వాత కాగితం గట్టిగా పిండి, కొంచెం కొంచెం వేస్తూ రుబ్బాలి. గారెల పిండి కంటే గట్టిగా, చపాతీ పిండి కంటే మెత్తగా రావాలి.

బిందె కానీ బేసిన్ కానీ బోర్లించి, తడిగుడ్డ పరిచి, కింద నుంచి పైకి తట్టుకుంటూ రావాలి. మందం చిటికెన వేలంత. ఒకరోజు నీడన, తర్వాత ఎండలో. సగం ఆరగానే బిందె నుంచి తీసేయాలి. పూర్తిగా ఆరేదాకా ఉంచావో, బిగుసుకుపోయి బిందె ఇటు రాదు, గంప అటు రాదు. మా తోడికోడలు ఓసారి అలాగే ఉంచేసి, చివరికి గంప పగలగొట్టి బిందె తీసుకుంది.

కొత్త చేటకి కూడా ఇదే గుజ్జు పల్చగా అలికేవాళ్ళం, సందుల్లోంచి నూకలు జారకుండా.

సగంపొడి (హైదరాబాద్)
ఏప్రిల్ 27, ఉదయం 10:12

పెద్దమ్మగారు రోలు అన్నారు, మనకి ఉన్నది మిక్సీ. ఒక హెచ్చరిక చేసి పోతాను. లాక్‌డౌన్‌లో ఇదే పని చేశాను. కాగితం పీచు బ్లేడుకి చుట్టుకుని, మోటారు వేడెక్కి, కమురు వాసన వచ్చి ఆగిపోయింది. మిక్సీ మా ఆవిడ పుట్టింటిది. ఇక నేను చెప్పక్కర్లేదు.

పాత జార్ వాడండి. గుప్పెడు కాగితానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసి, అయిదేసి సెకన్లు తిప్పి ఆపండి. పల్చగా వచ్చినా పర్వాలేదు, తర్వాత గుడ్డలో వేసి పిండేసుకోవచ్చు. నీళ్ళు తక్కువైతేనే చిక్కు.

ముక్కుసూటి
ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:05

అడగొచ్చో లేదో కానీ అడుగుతున్నా. యాభై రూపాయలకి ప్లాస్టిక్ టబ్ వస్తుంది. నాలుగు రోజులు నానబెట్టి, మిక్సీ కాల్చుకుని, పిల్లల బట్టలు పాడు చేసుకుని ఎందుకిదంతా? మన అమ్మలకి వేరే దారి లేక చేశారు.

రుబ్బురోలు (భీమవరం)
ఏప్రిల్ 27, మధ్యాహ్నం 3:40

దారి లేక చేశామన్నది సగం నిజం బాబూ. మా ఇంట్లో ఇత్తడి గంగాళాలున్నాయి, వెదురు బుట్టలున్నాయి. అయినా చేసేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నం పనయ్యాక నలుగురు ఆడవాళ్ళం వసారాలో చేరితే చేతులు ఊరుకోవు. ఒకరు గంప తట్టేవారు, ఒకరు వైరు బుట్ట అల్లేవారు, ఒకరు పాత చీరలతో బొంత కుట్టేవారు. నోళ్ళు ఎలాగూ ఊరుకునేవి కాదనుకో.

డాలస్_బాబాయి
ఏప్రిల్ 28, ఉదయం 8:20

మాకు ఇక్కడ ఇంటికి పేపరే రాదు. కోడిగుడ్ల అట్టపెట్టెలతో చేశాను, అమోఘం. అది అసలే గుజ్జుతో చేసిన అట్ట కాబట్టి వేణ్ణీళ్ళలో గంటలో కరిగిపోతుంది, మిక్సీ కూడా అక్కర్లేదు, చేత్తో పిసికితే చాలు. మెంతులు ఇండియన్ స్టోర్‌లో ఉండనే ఉన్నాయి.

ఒక చిట్కా. గిన్నె బయట కాకుండా లోపల తట్టి చూడండి. గుజ్జు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. బయట తట్టితే గిన్నెని బిగించేస్తుంది, లోపల తట్టితే దానంతటదే గోడ వదిలేస్తుంది. మా మనవడి మొదటి గిన్నె అలాగే వచ్చింది, తడిగుడ్డ కూడా వేయలేదు. కాకపోతే లోపలి వైపు గాలి ఆడదు, ఆరడానికి ఒకరోజు ఎక్కువ పడుతుంది.

మల్లెపందిరి (గుంటూరు)
మే 1, సాయంత్రం 6:30

నానబెట్టాం. బకెట్ బాల్కనీలో ఉంది. నీళ్ళు మార్చే డ్యూటీ చిన్నాడు తీసుకున్నాడు. పొద్దున లేవగానే పళ్ళు కూడా తోముకోకుండా బకెట్ దగ్గరికే. చింపే పని మాత్రం ఇద్దరూ పోటీలు పడి చేశారు. "ఇంట్లో పేపరు చింపితే తిట్టరా ఈసారి?" అని మూడుసార్లు అడిగి కానీ నమ్మలేదు మావాడు.

ఒక సందేహం. మెంతులకి బదులు ఫెవికాల్ వేస్తే? మా పక్కింటావిడ మైదా జిగురు అంటున్నారు.

సిద్దిపేట_చిన్నోడు
మే 1, రాత్రి 9:15

అక్కా, మైదా జిగురుని మా దిక్కు లై అంటరు, సినిమా పోస్టర్లు అంటించేది అదే. మంచిగనే పట్టుకుంటది కానీ ఎలుకలకి, బొద్దింకలకి దావత్ ఇచ్చినట్టే. ఫెవికాల్‌తో గట్టిగా వస్తది, గుజ్జు పెద్దగా రుబ్బనక్కర కూడా లేదు. కానీ గంప సైజుకి డబ్బాలు డబ్బాలు పడతది.

చింతగింజల జిగురు ట్రై చేయండి. మాకు దగ్గర్లోనే చేర్యాల. నకాషీ పనివాళ్ళు బొమ్మలకి, మాస్కులకి రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి వాడతరు. చిన్న మాస్కులైతే కొబ్బరి చిప్ప మీదనే చేస్తరు. గింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి రుబ్బాలె. ఆ పిండిని నీళ్ళలో సన్న మంట మీద తిప్పుకుంట ఉడికిస్తే తేనె లెక్క అవుతది. అడుగంటితే మాత్రం గిన్నె మీద ఆశ వదులుకోవాలె.

చిలకలకర్ర (యలమంచిలి)
మే 2, ఉదయం 7:50

కొండపల్లి బొమ్మల్లో కూడా ఉన్నది ఆ చింతగింజలే. తెల్లపొణికి కర్ర చెక్కి, చేతులూ తలా విడిగా చేసి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. మా వైపు ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అంకుడు కర్రని తరిణి (కర్రని గిరగిరా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, బ్రష్షుతో పనే లేదు. మొదటిసారి చూసినప్పుడు ఇంద్రజాలంలా అనిపించింది. రంగులకి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు. 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకని చెప్పే ముద్ర) వచ్చింది. ఆ సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇదంతా ఎందుకంటే, మీ గంపకి రంగు వేసేటప్పుడు షాపుకి పరిగెత్తకండి. వంటింట్లో పసుపుంది, బీట్‌రూట్ ఉంది, కాఫీ డికాక్షన్ ఉంది. బీట్‌రూట్ రంగు నెలరోజుల్లో వెలిసిపోతుంది, ముందే చెప్తున్నా. పసుపు కూడా ఎండకి నిలవదు. డికాక్షన్ గోధుమరంగు మాత్రం నా పెన్నుల డబ్బా మీద రెండేళ్ళుగా అలాగే ఉంది.

అట్టపెట్టె
మే 2, ఉదయం 11:00

గంప ఆరాక అందులో తినేవి నేరుగా పోయకండి. పేపరు సిరా మంచిది కాదు. న్యూస్‌పేపర్లో బజ్జీలు చుట్టొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పింది. అమ్మలు పోశారు, మనం తిన్నాం, నిజమే. ఇప్పుడు తెలిశాక ఎందుకు? క్లిప్పులు, దారపు ఉండలు, చార్జర్లు వేసుకోవచ్చు. తినేవి పెట్టాలంటే లోపల గుడ్డ పరిచి, ప్యాకెట్టుతో సహా పెట్టండి.

ఇంకోటి. మా తాతగారు పుస్తకాల బైండింగ్ చేసేవారు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. ఆ నీలం రంగు చూసి ఎవరైనా ఇక్కడ సలహా ఇస్తారేమో, అది విషం. పిల్లలు చేతులు పెట్టే గుజ్జులో వద్దే వద్దు. నాలుగు వేపాకులు రుబ్బి కలుపుకోండి చాలు.

సగంపొడి (హైదరాబాద్)
మే 2, మధ్యాహ్నం 12:20

మెంతుల చేదుకి పురుగు పట్టదంటారు కానీ, నా గిన్నెకి పట్టింది. సరిగ్గా ఆరకుండా అల్మరాలో పెట్టడం వల్ల అనుకుంటా. ముందు బూజు, తర్వాత పురుగు. చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మే నెల ఎండలో నాలుగు రోజులు పూర్తిగా ఎండనివ్వండి. జూన్ దాటితే మొదలే పెట్టకండి.

మల్లెపందిరి (గుంటూరు)
మే 5, రాత్రి 10:40

గంప వచ్చింది. నాది కాదు, అమ్మది. పనిలో పనిగా అమ్మే కూర్చుని తట్టేసింది, డెబ్బై ఏళ్ళ చేతులు అరగంటలో. నాది ఒక పక్కకి ఒరిగింది. చిన్నాడు గంప మానేసి గుజ్జుతో పాము చేశాడు. తర్వాత ఆ పాము రెండు ముక్కలైతే రెండు పాములన్నాడు.

అసలు సంగతి పెద్దదానిది. చిన్న గిన్నె మీద చేసింది. అంచు ఎగుడుదిగుడు, ఒకవైపు మందం, ఇంకోవైపు వెలుతురు కనిపించేంత పల్చన. అది పడుకున్నాక నేను తడి చేసి అంచు సమంగా కత్తిరించి, పల్చగా ఉన్నచోట గుజ్జు నింపి నున్నగా చేశాను. పొద్దున చూసి మురిసిపోతుందనుకున్నా. చూసింది. "ఇది నాది కాదు" అంది. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు. రంగులు తీసినా రాలేదు. రెండు రోజులైంది, ఆ గిన్నె కిటికీలోనే ఉంది. నేను చేసింది అంత తప్పా?

ముక్కుసూటి
మే 5, రాత్రి 11:02

తప్పే. మీ ఆఫీసులో మీరు చేసిన పని రాత్రికి రాత్రి మీ బాసు మార్చి పెడితే ఎలా ఉంటుంది? టబ్ కొనుక్కోమన్న మనిషినే, అయినా ఇది మాత్రం తప్పే.

రుబ్బురోలు (భీమవరం)
మే 6, ఉదయం 5:20

అంత మాట అనకు బాబూ, తల్లి మనసు. మేమూ చేశాం. మా అమ్మాయి సంక్రాంతికి వేసిన ముగ్గు నేను చెరిపి దిద్దాను. యాభై ఏళ్ళొచ్చాయి దానికి, ఇప్పటికీ దెప్పుతుంది.

చాక్‌పీసు_మాస్టారు (ఒంగోలు)
మే 6, ఉదయం 9:30

ముప్పై రెండేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను, అందులో పన్నెండేళ్ళు క్రాఫ్ట్ పీరియడ్ కూడా నా నెత్తినే ఉండేది. చేతిపని ద్వారానే చదువు చెప్పాలని గాంధీగారు వార్ధాలో 1937లోనే అన్నారు. మా రోజులకి అది వారానికొక పీరియడ్‌గా మిగిలింది, అది కూడా లెక్కల మాస్టారు సిలబస్ కాలేదని లాగేసుకునేవారు.

ఎగ్జిబిషన్ వస్తుందంటే మేమేం చేసేవాళ్ళమో తెలుసా? పిల్లల బొమ్మలు మేమే దిద్ది టేబుల్ మీద పెట్టేవాళ్ళం. ఇన్‌స్పెక్టరు గారు మెచ్చుకునేవారు. ఓసారి ఒక కుర్రాడు తన బంకమట్టి ఎద్దు ఎక్కడుందని టేబులంతా వెతికాడు. అది ఎదురుగానే ఉంది. కొమ్ములు నేను సమంగా చేసేశాను. వాళ్ళింటి ఎద్దుకి ఒక కొమ్ము వంకరట. చూసి చేశాడు వాడు. నేను చూడకుండా దిద్దాను.

మీ అమ్మాయి గిన్నెలో ఒకవైపు పల్చన అన్నారు. ఎందుకలా చేశావని అడిగారా?

మల్లెపందిరి (గుంటూరు)
మే 6, రాత్రి 8:15

మాస్టారూ, ఇప్పుడే అడిగాను. లోపల దీపం పెడితే ఆ వైపు నుంచి వెలుగు రావాలట. దాని కోసమే అటు పల్చగా చేసిందట. నాకు నోట మాట రాలేదు.

సారీ చెప్పాను. "బకెట్‌లో గుజ్జు ఇంకా ఉందా?" అని అడిగింది.

అట్టపెట్టె
మే 6, రాత్రి 8:40

సంతోషం. కానీ కాగితం గిన్నెలో నూనె దీపం, కొవ్వొత్తి పెట్టనివ్వకండి దయచేసి. బ్యాటరీతో వెలిగే బుల్లి లైట్లు దీపావళి సామాన్ల దగ్గర దొరుకుతాయి, అవి పెట్టండి.

డాలస్_బాబాయి
మే 7, ఉదయం 7:10

వెలుగు రావాలంటే గుజ్జు కంటే పొరలు నయం. బెలూన్ ఊది, దాని మీద పల్చటి కాగితం ముక్కలు జిగురుతో మూడు నాలుగు పొరలు అతికించి, ఆరాక బెలూన్ పగలగొట్టండి. అయితే ఇది కూడా నేను చెప్పకుండా తనే కనుక్కుంటే బాగుండేదేమో. సరే, చెప్పేశాను కదా, మీరు మాత్రం రెండు రోజులు ఆగి చెప్పండి.

సిద్దిపేట_చిన్నోడు
మే 7, మధ్యాహ్నం 2:30

మా ఇంట్ల గుజ్జు గిజ్జు ఏం లేదు. మొన్న ముంజలు తెచ్చిన. తిన్నంక రెండు బుర్రలకి నడుమ పుల్ల గుచ్చి, కొన చీలిన పొడుగు కట్టె తగిలించి మా బిడ్డకి బండి చేసి ఇచ్చిన. అపార్ట్‌మెంట్ పిల్లలంత లైన్ కట్టిండ్రు. వాచ్‌మన్ అన్న అయితే "నాకియ్యి సార్, నేను చూపిస్త" అని గుంజుకుని ఒక రౌండ్ కొట్టొచ్చిండు. ఖర్చు ముంజల పైసలే, అవి ఎట్లాగూ తిన్నం.

చిలకలకర్ర (యలమంచిలి)
మే 7, సాయంత్రం 5:00

ఆ బండి చక్రాలు మూడో రోజుకి వడిలి వంకర పోతాయి చూడండి, అప్పుడు ఇంకా బాగుంటుంది, తాగినవాడిలా నడుస్తుంది. మా చిన్నప్పుడు తాటాకు బొమ్మలకి పెళ్ళిళ్ళు చేసేవాళ్ళం. పెళ్ళికూతురిది మా ఇల్లు, పెళ్ళికొడుకుది ఎదురిల్లు. కట్నం దగ్గర తగాదా వచ్చి పెళ్ళి ఆగిపోయింది కూడా ఓసారి. పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే కదా.

సగంపొడి (హైదరాబాద్)
మే 8, ఉదయం 9:45

మల్లెపందిరి గారూ, పనిలో పనిగా మీ ఒరిగిన గంప ఏమైంది? అడిగేవాళ్ళే లేరు పాపం.

మల్లెపందిరి (గుంటూరు)
మే 11, రాత్రి 9:20

అడిగినందుకు థాంక్సండీ. నా ఒరిగిన గంపని పిల్లి ఆక్రమించింది. కింది మెట్ల దగ్గర తిరిగే పిల్లి, మాది కూడా కాదు. ఒరిగిన వైపు తల పెట్టుకుని పడుకుంటోంది. చిన్నాడి పాముల్లో ఒకటి దాని పక్కనే పెట్టారు, కాపలాకట.

పెద్దది రెండో గిన్నె చేసింది. ఈసారి ఇంకా వంకర. నేను వంటింట్లోనే ఉండిపోయాను, చేతులు మాత్రం ఒకటే దురద. చివర్లో ఒకవైపు చిన్న చిల్లు పడింది. "అమ్మా, పడింది" అంది. నేను ఏమీ అనలేదు. కాసేపాగి పుల్లతో ఇంకో పదకొండు చిల్లులు తనే పొడిచింది. నిన్న రాత్రి కరెంటు పోతే బుల్లి లైటు పెట్టి గదిలో ఉంచింది. గోడ నిండా చుక్కలు. నేను దిద్దిన గిన్నె మాత్రం ఇంకా కిటికీలోనే ఉంది. దాంట్లో రబ్బరు బ్యాండ్లు వేసుకుంటున్నాను.

రుబ్బురోలు గారూ, అమ్మ ఇప్పుడు చేట తెచ్చి కూర్చుంది, మిగిలిన గుజ్జు అలుకుతానంటోంది. ఎంత పల్చగా కలపాలి అంటే మళ్ళీ "చేతికి తెలుస్తుంది" అంది. మీరైనా చెప్పండి.

రుబ్బురోలు (భీమవరం)
మే 12, ఉదయం 5:15

దోసెల పిండంత. రెండు వైపులా ఒకేరోజు అలకొద్దు, ఒక వైపు ఆరాక రెండోది. ఈసారి అమ్మ చేతి కింద నీ చెయ్యి పెట్టు.